పక్షవాతం తర్వాత నడుము నిలిచిందా? ఇంట్లో మంచం మీదే చూసుకునే పద్ధతి

పక్షవాతం వచ్చిన మనిషిని ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చాక, చూడటానికి వచ్చిన చుట్టాలంతా అడిగేది ఒకటే: "ఎప్పుడు నడుస్తాడు?" దుప్పటి తొలగించి "ఏదీ, కాలి వేళ్లు కదిలించు" అంటారు. చెయ్యి పైకెత్తమంటారు. కదిలితే సంబరం, కదలకపోతే దిగులు. తిరుపతిలో ఫిజియోథెరపీ చేసే నాకు ఇది రోజూ కనబడేదే. నేను మాత్రం చెయ్యీ కాలూ చూడకముందే మనిషిని మంచం అంచున కూర్చోబెడతాను. చేతులు ఒళ్లో పెట్టుకుని, దేన్నీ పట్టుకోకుండా, అర నిమిషం కూర్చోగలడా? నడక సంగతి ఆ అర నిమిషం చెప్పినంత వేళ్లు చెప్పవు.

ఇది నా నమ్మకం మాత్రమే కాదు. నెదర్లాండ్స్‌లో జరిగిన ఒక అధ్యయనం 2011లో అచ్చయింది. పక్షవాతం వచ్చిన 72 గంటల్లోపు ఆసరా లేకుండా 30 సెకన్లు కూర్చోగలిగి, పడిపోయిన కాలిలో కాస్తయినా కదలిక ఉన్నవాళ్లు ఆరు నెలల నాటికి మరో మనిషి సాయం లేకుండా నడిచే అవకాశం 98 శాతం అని అందులో తేలింది. ఆ రెండూ లేనివాళ్లకు 27 శాతం. తొమ్మిదో రోజుకు కూడా రెండూ రాకపోతే అది 10 శాతానికి పడిపోయింది. ఒక్క మాట, ఈ అంకెలు మొదటి రోజులవి. మీ ఇంట్లో మనిషికి రెండో నెల నడుస్తుంటే వీటిని తెచ్చి జాతకం లెక్క కట్టకండి.

ఇంట్లో అవ్వో జేజో ఉంటే వాళ్లకు ఇది తెలిసిన వరసే. పసిబిడ్డకు ముందు మెడ నిలుస్తుంది, ఆ తర్వాత నడుము నిలుస్తుంది, అడుగులు ఎప్పుడో తర్వాత. పక్షవాతం వచ్చిన మనిషి కూడా చాలావరకు అదే దారిలో వెనక్కి వస్తాడు. కాకపోతే బిడ్డ ఒరిగితే బొంత మీద పడుతుంది, అరవై ఏళ్ల మనిషి ఒరిగితే తుంటి ఎముక విరుగుతుంది. అందుకే చూసే పద్ధతి తెలిసి ఉండాలి.

పొట్ట, వీపు, నడుము, పక్కటెముకల చుట్టూ ఉండే కండరాలన్నిటినీ కలిపి మేం ట్రంక్ అంటాం. చెయ్యి, కాలు పడిపోయినట్టు ఇది ఒక పక్క పూర్తిగా పడిపోదు. ఈ కండరాలకు మెదడు రెండు సగాల నుంచీ నరాల ఆజ్ఞలు అందుతాయి కాబట్టి కొంత బలం మిగులుతుంది. కానీ అదే కారణంగా రెండు పక్కలా కొంత తగ్గుతుంది కూడా. "కుడి పక్క బాగానే ఉంది కదా, మరి ఎందుకు ఒరుగుతున్నాడు?" అని అడిగేవాళ్లకు జవాబు ఇదే.

మొదలుపెట్టే ముందు

పక్షవాతం వచ్చిన మొదటి 24 గంటల్లో ఇవేవీ మీరు చేయకండి. ఆ రోజు మనిషి ఆసుపత్రిలో ఉండాలి, ఎప్పుడు లేపాలన్నది డాక్టరు చెప్పాలి. తొందరగా లేపితే తొందరగా కోలుకుంటాడని అందరం అనుకునేవాళ్లం. 2015లో వెలువడిన ఒక పెద్ద అంతర్జాతీయ పరిశోధన దానికి ఎదురు చెప్పింది. మొదటి రోజే మంచం దింపి ఎక్కువసేపు కసరత్తు చేయించినవాళ్లు, మామూలుగా చూసుకున్నవాళ్లకంటే కాస్త వెనకబడ్డారు. కాబట్టి ఇంటికి పంపేటప్పుడే "మంచం అంచున కూర్చోబెట్టవచ్చా?" అని అడిగి, సరే అనిపించుకుని రండి.

ఇంట్లో బీపీ మిషను ఉంటే మంచి చేతికి కట్టి చూడండి. పడుకున్నప్పుడు ఒకసారి, కూర్చోబెట్టిన నిమిషానికి ఒకసారి, మూడు నిమిషాలకు ఇంకోసారి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ తగ్గినా, కళ్లు తిరుగుతున్నాయన్నా, చెమట పట్టి మొహం పాలిపోయినా వెంటనే పడుకోబెట్టండి. ఆ రోజుకు అంతే, డాక్టరుకు చెప్పండి. మన తిరుపతి మే నెల ఎండల్లో ఇది మరీ ఎక్కువ. నీళ్లు సరిగా తాగని మనిషికి లేవగానే బీపీ జారుతుంది. ఆ తూలుడును నడుము బలహీనత అని పొరబడతాం.

అన్నం తిన్న వెంటనే చేయకండి. ముక్కు నుంచి గొట్టం ద్వారా పాలు, జావ పోస్తుంటే కనీసం గంట ఆగండి. మూత్రం గొట్టం ఉంటే సంచీని మనిషితో పాటే కదిలించాలి. మంచం కోడుకు కట్టి మరిచిపోతే లేచేటప్పుడు లాగుకుంటుంది.

మంచం, పీట, ఇద్దరు మనుషులు

నులక మంచం, నవారు మంచం, మెత్తటి స్పాంజి పరుపు, ఈ మూడూ ఈ పనికి పనికిరావు. కూర్చోగానే కుంగి, బాగున్న మనిషి నడుమే వంగిపోతుంది. గట్టి చెక్క మంచమో, దివానో, వెడల్పాటి బెంచీనో చూసుకోండి. పాత ఇళ్లలో వీధి తిన్నె ఉంటే ఎత్తు సరిపోతుంది గానీ వచ్చేపోయేవాళ్ల ఎదురుగా మాత్రం వద్దు. పడిపోయిన మనిషికి అభిమానం పడిపోదు.

కూర్చున్నప్పుడు తొడలు పూర్తిగా మంచానికి ఆనాలి. మోకాళ్లు లంబంగా వంగి, పాదాలు రెండూ నేలను తాకాలి. పాదాల మధ్య తుంటి వెడల్పు ఎడం ఉండాలి. మంచం ఎత్తయితే కాళ్ల కింద కదలని పీట వేయండి. టైల్సు మీద మేజోళ్లతో కూర్చోబెట్టకండి, పాదం జారిపోతుంది. పంచె, లుంగీ అయితే మోకాళ్ల దాకా ఎగదోపండి. ఆడవాళ్లకు జారని నూలు నైటీ మేలు. పైన బనియన్ ఉంటే భుజాల ఎత్తు తేడా బాగా తెలుస్తుంది.

ఇద్దరు ఉండాలి. ఒకరు ఎదురుగా స్టూలు మీద, మోకాళ్లు దాదాపు మనిషి మోకాళ్లకు తగిలేంత దగ్గరగా. రెండోవారు పడిపోయిన పక్కన, కాస్త వెనకగా. నడుము చుట్టూ తుండుగుడ్డను మడిచి గట్టిగా కట్టండి. పట్టుకోవలసి వస్తే దాన్ని పట్టుకోవాలి. పడిపోయిన చేతిని పట్టి లాగడం, చంక కింద చెయ్యేసి ఎత్తడం మాత్రం ఎప్పుడూ వద్దు. ఆ భుజం కీలును పట్టి ఉంచే కండరాలు వదులైపోయి ఉంటాయి. ఒక్క లాగుడుకు గూడు జారి నెలల తరబడి నొప్పి మిగులుతుంది. నా దగ్గరికి వచ్చే భుజం నొప్పుల్లో చాలావాటి వెనక ప్రేమగా లాగిన చెయ్యే ఉంటుంది.

మాట పడిపోయిన మనిషికి చెప్పేది అర్థమవుతోందో లేదో ముందు చూసుకోండి. మాటతో అర్థం కాకపోతే మీరు చేసి చూపించండి. ఎడమ పక్క పడిపోయినవాళ్లలో కొందరు ఎడమ వైపు ఉన్న మనిషినీ, కంచాన్నీ అసలు గమనించరు. వాళ్లకు ఎదురుగానో, కాస్త కుడిగానో ఉండి చెప్పండి. అర్థంకాక చేయకపోవడం వేరు, చేతకాక చేయకపోవడం వేరు. రెండింటినీ ఒకే లెక్కలో రాయకండి.

పడుకున్న చోటు నుంచే మొదలు

నాలుగు పనులు చూస్తాం. పడిపోయిన పక్కకు దొర్లడం, మంచి పక్కకు దొర్లడం, పడుకున్నవాడు లేచి కూర్చోవడం, కూర్చుని నిలవడం. దీన్నే ట్రంక్ కంట్రోల్ టెస్ట్ అంటారు. ఒక్కో పనికి సున్నా, 12, 25 అని మూడే మార్కులు. మనిషి సాయం లేకుండా చేయలేకపోతే సున్నా. చేత్తో దేన్నో పట్టి లాక్కునో, వంకరగానో చేస్తే 12. మామూలుగా చేస్తే 25. మొత్తం 100.

వెల్లకిలా పడుకోబెట్టి, ముందు పడిపోయిన పక్కకు తిరగమనండి. తిరిగేలోపు ఆ చేతిని మీరే కాస్త ముందుకు జరిపి పెట్టండి, లేకపోతే ఒంటి కింద నలుగుతుంది. చాలామంది ఈ పక్కకు సులువుగా తిరుగుతారు, ఎందుకంటే పని చేసేది మంచి చెయ్యీ మంచి కాలూ. మంచి పక్కకు తిరగడమే కష్టం. పడిపోయిన భుజాన్నీ తుంటినీ నడుము మోసుకు రావాలి. మంచం పట్టె పట్టి లాక్కున్నాడా, మడమతో తన్నుకుని తిరిగాడా, భుజం వచ్చి తుంటి వెనకే ఉండిపోయిందా అన్నది చూడండి.

తర్వాత లేచి కూర్చోమనండి. ఇక్కడ మన ఊళ్లలో ఒక అలవాటుంది. మంచం కాళ్లవైపు పాత చీరో తాడో కట్టి, దాన్ని పట్టి లేవమంటారు. లేవడానికి అది పనికొస్తుంది, కాదనను. కానీ పరీక్షప్పుడు తీసేయండి. తాడు పట్టి లేచిన మనిషికి 12 మాత్రమే. లేచింది చెయ్యే, నడుము కాదు.

ఆ అర నిమిషం

అసలు పని ఇది. ఫోన్‌లో స్టాప్‌వాచ్ తెరిచి పెట్టుకోండి. "నాయనా, చేతులు రెండూ ఒళ్లో పెట్టుకో, ఎదురుగా నన్ను చూడు" అనండి. కోడలు మామగారితో అయితే "మామా, చేతులు ఒళ్లో పెట్టుకోండి" అంటుంది, ఎలాగూ మీకు తెలిసిందే. పడిపోయిన చేతిని మీరే తీసి ఒళ్లో పెట్టండి. మీ చేతులు తుండుగుడ్డకు దగ్గరగా ఉండాలి గానీ తగలకూడదు. తగిలితే అది ఆసరా అయిపోతుంది.

ఆసుపత్రిలో ఈ పరీక్షను పాదాలు నేలకు ఆననివ్వకుండా చేస్తారు. ఇంట్లో మొదట పాదాలు ఆనించే చేయండి. అందుకని మీ ఇంటి మార్కునూ ఆసుపత్రి మార్కునూ పక్కపక్కన పెట్టి పోల్చవద్దు.

పది సెకన్లు నిలవకపోతే అక్కడితో ఆపేయండి. ముందుకు పోవద్దు. ముప్ఫై సెకన్లు నిలిస్తే మంచి గుర్తు. రెండు నిమిషాలు ఎవరూ పట్టుకోకుండానే భయం లేకుండా కూర్చోగలిగితే కూర్చోవడం వరకు నడుము నిలిచినట్టే.

గడియారం ఒక్కటే చూడకండి. ముప్ఫై సెకన్లు దొంగతనంగా కూడా గడిచిపోతాయి. కింది నుంచి పైకి ఒక వరసలో చూస్తే దొంగతనం దొరుకుతుంది.

పాదాలతో మొదలుపెట్టండి. మంచి పాదాన్ని మంచం కోడు వెనక్కి మెలిపెట్టి ఆపుకుంటున్నాడా? పడిపోయిన పాదం ముందుకు జారిపోతోందా, మడమ లేస్తోందా?

తర్వాత పిర్రలు. బరువు రెండింటి మీదా సమంగా ఉందా అన్నది కంటికి అంత సులువుగా తెలియదు. మీ అరచేతిని ఒక్కో పక్క పిర్ర అంచు కిందికి కొద్దిగా దూర్చి చూడండి. ఏ పక్క సులువుగా దూరితే ఆ పక్క బరువు లేనట్టు. వెనక నుంచి చూస్తే నడుము దగ్గర చర్మం మడత ఒక పక్క లోతుగా ఉంటుంది. ఆ పక్క నడుము కుంచించుకుపోయి ఉందన్నమాట.

చేతుల దగ్గర ఎక్కువసేపు ఆగండి. ఒళ్లో పెట్టుకోమన్న మంచి చెయ్యి మీకు తెలియకుండానే జారి పరుపు అంచు పట్టుకుంటుంది, తొడ కింద బొటనవేలు దూరుస్తుంది, లుంగీ కొస బిగించి పట్టుకుంటుంది. "బాగానే కూర్చుంటున్నాడు" అని ఇంట్లోవాళ్లు చెప్పే మనుషుల్లో చాలామంది ఆ ఒక్క చేతి మీద కూర్చుంటున్నవాళ్లే. ఆ చెయ్యి తీయగానే ఒరుగుతారు. ఒంటిని నిలబెట్టే పనిలో ఉన్న చెయ్యి ముద్ద కలపలేదు, గుండీ పెట్టలేదు. పెద్దాయన అన్నం తానే తినలేకపోవడానికి చేతిలో లోపం లేకపోవచ్చు.

వీపు గూని వేసి, పొట్ట లోపలికి పోయి, చూపు నేల మీద ఉంటే ఆయన పిర్రల మీద కాకుండా తోకఎముక మీద కూర్చున్నట్టు. మీ అరచేతిని నడుము కింది భాగంలో పెట్టి కొద్దిగా ముందుకు ఆనించి చూడండి. నిటారుగా వచ్చి నిలిస్తే అది మరిచిపోయిన అలవాటు. వచ్చి మళ్లీ కూలిపోతే బలం లేదన్నమాట. వెనక్కి పడిపోయేవాళ్లు ఇంకో రకం. పొట్ట కండరాలు బిగించలేకనో, ముందుకు వంగితే పడతానన్న భయంతోనో భుజాలు వెనక్కి వేస్తారు. వీళ్లను ఒక్క క్షణం కూడా వెనక మనిషి లేకుండా కూర్చోబెట్టకండి.

చివర ఊపిరి. కొందరు ముప్ఫై సెకన్లూ ఊపిరి బిగబట్టి నెగ్గుకొస్తారు. మధ్యలో "పొద్దున ఏం తిన్నావు?" అని అడగండి. జవాబు చెప్పబోయి ఒరిగితే, కూర్చోవడానికే మనసంతా ఖర్చవుతోందన్నమాట. అలాంటి మనిషిని టీవీ ముందు ఒంటరిగా వదలకూడదు.

ఇదంతా జరిగేటప్పుడు ఇంకొకరు ఎదురు నుంచి ఒక ఫొటో, పక్క నుంచి ఒక ఫొటో తీయాలి. వెనకాల తలుపు గుమ్మమో కిటికీ చువ్వో పడేలా తీస్తే, ఒరుగుడు ఎంతుందో ఆ నిలువు గీత పక్కన ఇట్టే తెలుస్తుంది.

బెత్తెడు దూరంలో తాళం చెవులు

అర నిమిషం నిలిచిన మనిషికే ఇది. కదలకుండా కూర్చోవడం సగం పని. కదిలి మళ్లీ నడిమికి రావడం మిగతా సగం.

తాళం చెవుల గుత్తినో, టీవీ రిమోటునో మంచి చెయ్యి చాచినా అందనంత దూరంలో, అంటే వేలి కొసకు బెత్తెడు అవతల పట్టుకోండి. చెయ్యి చాస్తే అందేంత దగ్గరగా పట్టుకుంటే నడుముకు పనే లేదు. ముందు ఎదురుగా, తర్వాత మంచి పక్కకు, తర్వాత అడ్డంగా పడిపోయిన పక్కకు, చివరగా రెండు పాదాల మధ్య నేల మీద. బెత్తెడు అందితే తర్వాతి వారం జానెడు.

అడ్డంగా పడిపోయిన పక్కకు చాచినప్పుడు బరువంతా ఆ పిర్ర మీదికి రావాలి. ఇక్కడే తప్పించుకుంటారు. ఒంటిని కదపకుండా మెడను సాచి చేత్తో తడుముతారు. బాగున్న మనిషి పక్కకు వంగితే తల మాత్రం నిటారుగా ఉండటానికి చూస్తుంది. ఎదురు పక్క నడుము కుంచించుకుని వెనక్కి లాగుతుంది. నడుము నిలవని మనిషికి తల కూడా ఒంటితో పాటే వాలిపోతుంది. అది కనబడగానే తుండుగుడ్డ పట్టుకోండి.

ఇది కూడా బాగా చేస్తుంటే ఇంకో మెట్టు ఉంది. మంచి కాలిని ఎత్తి పడిపోయిన కాలి మీద వేసుకోమనండి. పడిపోయిన పక్క మోచేతిని మంచానికి తాకించి లేవమనండి, తర్వాత మంచి పక్క మోచెయ్యి. ఒక్కో పిర్రను మంచం మీది నుంచి కాస్త ఎత్తమనండి. ఇవి ట్రంక్ ఇంపెయిర్‌మెంట్ స్కేల్ అనే పరీక్షలోవి. 2004లో వచ్చింది, మొత్తం 23 మార్కులు. నిలకడకు 7, కదలికకు 10, ఒంటి పైభాగాన్నీ కింది భాగాన్నీ విడివిడిగా తిప్పడానికి 6. ఒక్కో పనికి మూడు ప్రయత్నాలిచ్చి, మేలైనది లెక్కలోకి తీసుకుంటారు. ముందుగా నేర్పించరు. మార్కులు వేయడం మీకు అక్కర్లేదు, అది ఫిజియోథెరపిస్టు పని. ఏది చేయగలిగాడు, ఏది చేయబోయి ఎటు పడబోయాడు అన్నది మీరు చూసి చెబితే చాలు.

"కింద బాసింపట్టు వేసి కూర్చోబెట్టి చూడొచ్చా?" అని అడుగుతుంటారు. పరీక్షకు వద్దు. ఆ భంగిమలో నడుము దానంతటదే వెనక్కి గూని వేస్తుంది, పైగా కింది నుంచి లేపేటప్పుడే మీరు చెయ్యి పట్టి లాగుతారు.

మంచి చేత్తో తోసేవాళ్లు

కొందరి ఒరుగుడు వేరుగా ఉంటుంది. దాన్ని గుర్తుపట్టకపోతే ఇంట్లో గొడవలవుతాయి. "చెబితే వినడు, మొండికేస్తున్నాడు" అని కొడుకు విసుక్కుంటాడు. చూస్తే పెద్దాయన మంచి చేతిని మంచానికి ఆనించి, మోచెయ్యి బిర్రుగా చాపి, తనను తానే పడిపోయిన పక్కకు తోసుకుంటూ ఉంటాడు. మీరు సరిచేయబోతే ఇంకా గట్టిగా తోస్తాడు, "పడేస్తున్నారు" అని అరుస్తాడు.

మామూలు బలహీనతతో ఒరిగే మనిషి అలా చేయడు. పడబోతున్నానని తెలిసి మంచి చేత్తో దేన్నో పట్టుకుంటాడు, మీరు నిటారుగా నిలబెడితే హమ్మయ్య అనుకుంటాడు. తోసే మనిషికి నిటారుగా ఉండటమే పడిపోతున్నట్టు అనిపిస్తుంది. మెదడులో ఒంటి నిలువును కొలిచే లెక్క తప్పింది. ఇలాంటివాళ్లు కళ్లు మూసుకున్నప్పుడు తమ ఒళ్లు నిటారుగా ఉందని అనుకునేది, నిజానికి మంచి పక్కకు దాదాపు 18 డిగ్రీలు వాలినప్పుడు అని పరిశోధకులు కొలిచి చెప్పారు. కళ్లు తెరిచి చూసే గీతలు మాత్రం వాళ్లకు మామూలుగానే నిలువుగా కనబడతాయి. వాళ్లకు దారి చూపేది ఆ కళ్లే.

అందుకే ఎదురు తోయకండి. ఎదురుగా తలుపు గుమ్మాన్ని చూపించి, "అది నిటారుగా ఉందా? నువ్వు దానితో సమంగా ఉన్నావా?" అని అడగండి. మంచి పక్క గోడ ఉండేలా మంచం తిప్పి, "ఆ గోడకు భుజం ఆనించు" అనండి. మీరు తోస్తే రానివాడు తనంతట తాను ఆ పక్కకు వస్తాడు. చాలామందికి ఇది ఆరు నెలల్లోపు సర్దుకుంటుంది, కానీ అప్పటిదాకా వీళ్లు మంచం మీద నుంచి పడే ప్రమాదం ఎక్కువ. ఈ లక్షణం కనబడితే మీ ఫిజియోథెరపిస్టుకు మొదటి మాటగా అదే చెప్పండి, చేయించే కసరత్తే మారిపోతుంది.

రాసుకోండి, వారానికి ఒక్కసారి

పాత నోటు పుస్తకం చాలు. తేదీ, వేళ, బీపీ, దొర్లడం రెండు పక్కలా, లేవడం, ఎన్ని సెకన్లు కూర్చున్నాడు, చెయ్యి పట్టుకున్నాడా, ఎటు ఒరిగాడు. అదే మంచం, అదే పీట, అదే వేళ. రోజూ లెక్క పెట్టకండి. రాత్రి నిద్రలేకపోతే మర్నాడు పది సెకన్లు తగ్గుతుంది, దాన్ని చూసి ఇల్లంతా కుమిలిపోతుంది. పరీక్షప్పుడు "ఇలా చెయ్, అలా చెయ్" అని నేర్పకండి. నేర్పడానికి మిగతా ఆరు రోజులున్నాయి. చుట్టాల ముందు చేయించవద్దు.

లెక్క ఇలా ఉంటుంది. పడిపోయిన పక్కకు మామూలుగా దొర్లాడు, 25. మంచి పక్కకు పట్టె పట్టి లాక్కుని దొర్లాడు, 12. చెయ్యి ఆనించి కూర్చున్నాడు, 12. లేవలేకపోయాడు, సున్నా. మొత్తం 49. 1990లో అచ్చయిన ఒక అధ్యయనంలో, ఆరు వారాలప్పుడు 50కి తగ్గకుండా మార్కులు వచ్చినవాళ్లు 18 వారాల నాటికి నడక అందుకున్నారు. న్యూజిలాండ్‌లో 2017లో వెలువడిన మరో అధ్యయనంలో, వారం రోజులకే 40 దాటినవాళ్లు ఆరు వారాల్లోపు నడిచారు. 49 వచ్చింది కాబట్టి అయిపోయిందని కాదు. లేవడంలో సున్నా 12 అయితే 61. దేని మీద పని చేయాలో ఆ సున్నాయే చూపిస్తుంది.

ఏం తేల్చుకోవాలి

చేతులు తీస్తే పది సెకన్లు నిలవని మనిషికి అన్నం పెట్టేటప్పుడు వెనకా, పడిపోయిన పక్కా దిండ్లు పెట్టి నిటారుగా నిలపాలి. ఒరిగి ఉన్నవాడి నోట్లో సంగటి ముద్ద పెడితే ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. మింగుడు సరిగా ఉందని డాక్టరు చూసి చెప్పాకే నోటి తిండి. స్నానానికి చేతులున్న కుర్చీ వాడండి, ప్లాస్టిక్ స్టూలు వద్దు.

అర నిమిషం నిలుస్తాడు గానీ బెత్తెడు దూరం చాచలేడు అంటే, కదలని చోట కూర్చోగలడు, కదిలే చోట కూర్చోలేడు. కదిలే చోటు అంటే బండి. స్కూటరు మీద ఇద్దరి మధ్యన కూర్చోబెట్టి ఆసుపత్రికి తెచ్చేవాళ్లను చూస్తుంటాను. వద్దు, ఆటో మేలు, అందులోనూ పడిపోయిన పక్కన ఒకరు కూర్చోవాలి. మొక్కు తీర్చుకోవడానికి కొండకు తీసుకెళ్తామంటారు. ఘాట్ రోడ్డులో ప్రతి మలుపూ మనిషిని పక్కకు తోస్తుంది, నడుము నిలవనివాడు ఆ తోపుకు ఆగలేడు. రెండు పక్కలకూ చాచి మళ్లీ నడిమికి రావడం వచ్చాక వెళ్లండి. అంతదాకా ఆగలేమంటే కారులో, బెల్టు పెట్టి, పడిపోయిన పక్కన మనిషి ఆనుకుని కూర్చుని వెళ్లండి.

నాటు మందుకు తీసుకెళ్లేవాళ్లు కూడా ఈ ప్రయాణం సంగతి ఆలోచించాలి. మందు మీద నమ్మకం మీ ఇష్టం, కానీ బీపీ మాత్రలూ, రక్తం పలచబడే మాత్రలూ డాక్టరును అడగకుండా ఆపవద్దు.

ఉన్నట్టుండి కూర్చోలేకపోతే

నిన్న నిమిషం కూర్చున్న మనిషి ఇవాళ పొద్దున కూర్చోలేకపోతే, బద్ధకం అనుకోకండి. మూతి వంకరపోయిందా, మాట తడబడుతోందా, కొత్తగా చెయ్యి వాలిపోతోందా చూడండి. ఉంటే 108. గడ్డను కరిగించే ఇంజెక్షను మామూలుగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపు ఇస్తారు, అదీ స్కానులో చూసి తగినవాళ్లకే. అవేవీ లేకపోతే జ్వరం, మూత్రంలో మంట, షుగరు పడిపోవడం చూసుకోండి. వీటితో కూడా నడుము కూలుతుంది.

ఇంకొకటుంది. చేతులూ కాళ్లూ బాగా ఆడుతున్నాయి, కానీ కూర్చోబెడితే తూలి పడిపోతాడు, తల తిరుగుడు, వాంతులు. దీన్ని గ్యాసు అనో పైత్యం అనో సోడా తాగించి పడుకోబెడతారు. చిన్న మెదడులో వచ్చే పక్షవాతం ఇలాగే ఉండొచ్చు. చేయీ కాలూ పడలేదు కదా అని ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. తిరుపతిలో స్విమ్స్, రుయా ఉన్నాయి. చిత్తూరు వైపు నుంచి వేలూరు సీఎంసీ దగ్గర.

ఫిజియోథెరపీకి వచ్చేటప్పుడు నోటు పుస్తకంతో పాటు రెండు వీడియోలు తెండి. ఒకటి ఎదురు నుంచి ముప్ఫై సెకన్లు కూర్చున్నది, రెండోది పక్క నుంచి తాళం చెవులు అందుకున్నది. ఓపీలో మా ఎదుట మనిషి కొత్తచోటని బిగుసుకుని కూర్చుంటాడు, లేదా ప్రయాణంతో అలసి కూలబడతాడు. ఇంట్లో మంచం మీద ఎలా కూర్చుంటాడో ఆ వీడియోలో తెలుస్తుంది. వీడియోలో మంచం, పీట, పాదాలు కూడా కనబడాలి. ముఖం ఒక్కటే తీసుకొస్తే మళ్లీ తీయమని పంపిస్తాను.